శవానికి నవ్వొచ్చింది

నాకు నవ్వు ఆగదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, ఉన్న జబ్బు చెప్పుకుంటున్నాను. ప్రార్థనలో రెండు నిమిషాలు మౌనం పాటించమంటే నవ్వొస్తుంది. పక్కింటికి పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఉప్మాను మరీ మెచ్చుకుంటుంటే నవ్వొస్తుంది. ఇప్పుడు నేను పనిచేసే దవాఖాన ల్యాబులో, బుర్రమీసాల పెద్దమనిషి సూదిని చూసి కళ్లు గట్టిగా మూసుకుంటే మాస్కు లోపల నవ్వొస్తుంది. మాస్కు కనిపెట్టిన మనిషెవరో గానీ రోజూ దండం పెట్టుకుంటాను. అలాంటి నాకు పదో తరగతిలో మా సోషల్ సారు శవం వేషం ఇచ్చాడు.

మా ఊరు మోత్కూర్ నుంచి బస్సులో అరగంట. ఊళ్లో సగం ఇళ్లలో మగ్గాలు, మిగతా సగంలో గొర్రెలు. బడి వార్షికోత్సవంలో ఏటా అవే నాలుగు డాన్సులు, తాగుడు మానమని చెప్పే అదే నాటిక. తాగుబోతు వేషం వేసే పిల్లాడు మారేవాడు గానీ సీసా మాత్రం మారేది కాదు. ఆ ఏడాది మహబూబ్‌నగర్ వైపు నుంచి బదిలీ మీద వచ్చిన సోషల్ సారుకు డిటెక్టివ్ కథలంటే ప్రాణం. క్లాసులోకి వస్తూనే బల్ల మీద సుద్దముక్కతో కొట్టి అన్నాడు.

"ఈసారి మనం మర్డర్ చేస్తున్నం."

మా లీడరు ఆ మాట పొల్లు పోకుండా నోట్సులో రాసుకుంది.

కథ సారే రాశాడు. ఒక చీరల సేటు తన దుకాణంలో చచ్చి పడి ఉంటాడు. ఆయన పిడికిలిలో ఒక బట్ట ముక్క. అనుమానం ముగ్గురి మీద: గుమాస్తా, పాలుదారు, ఎదుటి దుకాణం వాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చి, ఆ ముక్క పాలుదారు కండువా నుంచి చిరిగిందని తేల్చి బేడీలు వేస్తుంది. మేము నోళ్లు వెళ్లబెట్టి విన్నాం. నాకు ఇన్‌స్పెక్టర్ వేషం కావాలని ప్రాణం పీకింది. అడిగాను, ఇచ్చారు, నాలుగో మాటకే గుమాస్తా మొహం చూసి నవ్వాను. లాఠీ లాక్కున్నారు.

ఆ లాఠీ నా బెంచీలో నా పక్కన కూర్చునే పిల్లకు పోయింది. వాళ్లది గొర్రెలు కాసే ఇల్లు. గుట్టకు ఇవతల నిలబడి ఆమె కేకేస్తే అవతల మేస్తున్న గొర్రెలు తలలెత్తేవి. మొదటి రిహార్సల్లో ఆమె "హ్యాండ్సప్!" అంటే, నీళ్ల బిందె పట్టుకుని వరండాలో పోతున్న ఆయమ్మ ఉలిక్కిపడి బిందె వదిలేసింది.

"సార్, మరి నాకో?" అన్నాను.

"నువ్వే సేటువి," అన్నాడు సారు.

కథంతా సేటు చుట్టూనే కదా అని గాల్లో తేలిపోయాను. "ఎన్ని డైలాగులు సార్ నాకు?"

"ఒక్కటి గూడ లేదు బిడ్డా. తెర తీసేసరికే నువ్వు సచ్చుంటవు."

క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే, అదే నా ఖర్మ.

శవంగా పడి ఉండటం తేలికని అనుకునేవాళ్లు ఒక్కసారి ప్రయత్నించి చూడాలి. ఇరవై ఐదు నిమిషాలు. ముక్కు మీద ఈగ వాలుతుంది. గుమాస్తా "అయ్యో సేటూ!" అని ఏడుస్తూ నిజంగానే చీమిడి చీదుతాడు. ఇన్‌స్పెక్టర్ లాఠీతో నన్ను చూపించేటప్పుడు దాని కొస సరిగ్గా నా డొక్కలో తగులుతుంది. మూడు రిహార్సల్స్‌లోనూ సేటు పొట్ట పట్టుకుని దొర్లాడు. నాలుగో రోజు సారు చేతులెత్తేశాడు.

"ఇంకొక్కపారి నవ్వినవా, నీ జాగల దిండు పెడ్త. దానికి మీసాలు గీసి పండవెడ్త. సమజైందా?"

దిండు! దాని ముందు ఓడిపోతే ఊళ్లో తలెత్తుకోగలనా? ఇంటికి పోయి అవ్వ దగ్గర వెళ్లబోసుకున్నాను. అవ్వ మా బాపుకు తల్లి. నా నవ్వు జబ్బు ఆమె నుంచి వచ్చిందే, కాబట్టి మందు కూడా ఆమె దగ్గరే ఉంది.

"చింతగింజ బుగ్గల పెట్టుకో. నవ్వొచ్చినప్పుడల్ల కస్సున కొరుకు. పండ్లు పోతయన్న భయానికి నవ్వు దిగిపోతది. మీ తాత మా అన్న పెండ్లిల డప్పులకు ఎగిరిన నాడు నేను గట్లనే ఆపుకున్న."

పనిచేసింది! మిగిలిన రిహార్సల్స్‌లో నేను చావంటే ఇది అన్నట్టు చచ్చాను. సారు నా మొహం మీదికి వంగి చూసి, "శ్వాస ఆడ్తాందా లేదా?" అని కంగారుపడ్డాడు. ఇంతకంటే మెచ్చుకోలు నాకు ఇప్పటికీ దొరకలేదు.

అసలు చిక్కు ఆ బట్ట ముక్కతో వచ్చింది. అప్పటిదాకా పిడికిలిలో పేపరు ముక్క పెట్టుకుని నెట్టుకొచ్చాం. వార్షికోత్సవం రెండు రోజులుందనగా సారు నిజం బట్ట కావాలన్నాడు. "వెనక కూసున్నోళ్లకు గూడ ఎర్రగ కనవడాలె. ఎవరింట్లనన్న ఎర్ర ముక్క ఉందా?"

మగ్గాల ఊళ్లో అడిగే మాటేనా ఇది! పది చేతులు లేచాయి. అన్నిటికంటే ముందు లేచింది నాది. ఒక్క మాట కూడా లేని శవానికి చేతిలో ముక్కయినా సొంతది ఉండాలని నా పట్టుదల. "మా ఇంట్ల మస్తున్నయ్ సార్," అని కోసేశాను.

కోతలే. మా ఇంట్లో మగ్గం ఆగి అప్పటికి రెండేళ్లు. బాపు మంచి నేతగాడు, కానీ నడుము పట్టేసి, పని తగ్గి, నల్లగొండలో ఒక చీరల దుకాణంలో పనికి కుదిరాడు. వచ్చినవాళ్ల ముందు చీరలు పరచడం, మళ్లీ మడతపెట్టడం. వారానికి ఒక్క రోజు ఇంటికి వచ్చేవాడు. మగ్గం గుంత మీద పలకలు పరిచి నాకు మంచం వేశారు. బాపు కాళ్లాడించిన చోట పడుకుని నేను చదువుకునేదాన్ని. అమ్మ పక్కిళ్ల మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. వెతికితే ఇంట్లో ఎర్రగా ఉన్నవి రెండే: అవ్వ రవిక, రేకు సందుగలో బాపు చివరి చీర.

చివరి చీర అన్నానే గానీ అది సగం చీరే. రెండు గజాలు నేసి, మగ్గం దిగిపోయేటప్పుడు అక్కడికే కోసి మడతపెట్టాడు. నేయకుండా మిగిలిన పడుగును, ఆ నిలువు పోగులను కూడా చుట్టి పక్కనే పెట్టాడు. అక్కడక్కడ ముడులేసి, అంటే చిటికెలు కట్టి, రంగులద్దిన నూలుతో ఎర్రటి మీద తెల్ల చిలకలు, ఆ చిలకలు బాపు సొంతంగా వేసుకున్నవి. సందుగ మూత వేస్తూ మా ముగ్గురికీ చెప్పాడు. "గిది ఎవ్వలు ముట్టొద్దు. ఎప్పటికన్న నేనే పూర్తి చేస్త." బాపు మమ్మల్ని ఏదైనా ముట్టొద్దన్నది జీవితంలో అదొక్కటే.

నేను ముట్టడమే కాదు, కోశాను. అమ్మ బయటికి పోయినప్పుడు సందుగ తెరిచి, అంచుతో సహా అరచెయ్యంత ముక్క మూలలోంచి కత్తిరించి, కోసిన చోటు లోపలికి వచ్చేలా మడతపెట్టేశాను. నా దగ్గర పథకం ఉంది. వార్షికోత్సవం బాపుకు సెలవు లేని రోజున వచ్చింది, కాబట్టి బాపు చూడడు. నాటకం అవగానే ముక్క తెచ్చి గంజితో అతికించేస్తాను. నేతగాళ్ల ఇంట్లో పుట్టి కూడా గంజితో బట్ట అతుకుతుందని నమ్మాను చూడండి, అదీ నా తెలివి.

ఆ రోజు సాయంత్రం బడి మైదానం కిటకిటలాడింది. టెంటు హౌసు వాళ్ల స్టేజీ, రెండు ఫోకస్ లైట్లు, అతిథుల ఉపన్యాసాలు. ఒకాయన క్రమశిక్షణ గురించి ఎంతసేపు మాట్లాడాడంటే, మా హంతకుడు తెర వెనక రెండుసార్లు ఒంటేలుకు పోయొచ్చాడు. పొద్దు గూకుతుండగా మా వంతు వచ్చింది. కాటుకతో మీసాలు, బాపు పాత ధోవతి, బుగ్గలో చింతగింజ, కుడి పిడికిలిలో ఎర్ర ముక్క. జనానికి కనబడాలని అంచు కొంచెం బయటికి లాగి పెట్టాడు సారు. చచ్చి పడుకున్నాను. తెర తీశారు.

రెప్పల సందులోంచి చూశాను. ముందు చాప మీద అవ్వ, అమ్మ, మా వాడకట్టు ఆడవాళ్లంతా. వాళ్ల వెనక కుర్చీల పక్కన, చేతిలో దుకాణం సంచీతో, బస్సు దిగి నేరుగా వచ్చి నిలబడ్డ మనిషి మా బాపు. బిడ్డ నాటకంలో ఉందని అమ్మ ఫోన్ చేసిందట, ఒక పూట అడిగి వచ్చాడట. అప్పటికే చచ్చి పడి ఉన్న నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

మొదట వచ్చిన ఆలోచన ముక్కను మింగేయడం. కానీ నోట్లో చింతగింజ ఉంది. ఇక చెయ్యిని మెల్లగా వీపు కిందికి లాక్కోవడం మొదలుపెట్టాను. ముందు వరసలోంచి ఎవరో అరిచారు.

"శవం కదుల్తాంది!"

ఇన్‌స్పెక్టర్ మెరుపులా వచ్చి నా మణికట్టు మీద లాఠీ ఆనించింది. "ఎవరూ శవాన్ని ముట్టకండి! వేలిముద్రలు చెరిగిపోతాయి!" అని గర్జించింది. మైకు గుయ్యిమంది. ముక్క అక్కడే, లైటు వెలుగులో, బాపుకు ఎదురుగా మెరుస్తూ ఉండిపోయింది.

గుమాస్తా ఏడ్చాడు, చీదాడు. నేను గింజ కొరికాను. ఎదుటి దుకాణం వాడు డైలాగు మరిచిపోయి పాలుదారు డైలాగు చెప్పాడు. గింజ మళ్లీ కొరికాను. చివరికి ఇన్‌స్పెక్టర్ నా పక్కన మోకాలి మీద కూర్చుని, "ఇదిగో, ఆధారం!" అని ముక్క లాగింది. నేను వదల్లేదు. ఇంకోసారి లాగింది. ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"ఇడువే," అంది పళ్ల సందులోంచి.

"ఇయ్యనే," అన్నాను పెదాలు కదపకుండా.

"పిచ్చి లేసిందా నీకు?"

"మా బాపొచ్చిండే!"

ఆమెకు అర్థం కాలేదు. లేచి జనం వైపు తిరిగి, "చచ్చినా పట్టు వదలడం లేదు. ఎంత మొండి శవం!" అంది. మైదానం గొల్లుమంది. ఆ సందడిలో కిందికి వంగి నా చంకలో గిలిగింత పెట్టింది. స్నేహమంటే ఇదా? పిడికిలి విడిపోయింది.

ఇన్‌స్పెక్టర్ ఆ ముక్కను పాలుదారు మెడలోని ఎర్ర కండువా పక్కన పట్టి చూపించింది. "సరిపోయింది! నువ్వే హంతకుడివి!"

ఇక్కడ చప్పట్లు పడాలి. ఒక్కటి కూడా పడలేదు. తర్వాత చాప మీదినుంచి ఒక పెద్దమ్మ గొంతు ఖంగుమంది.

"ఏం సరివోయింది? కండ్లు కనవడ్తలేవా పిల్లా?"

"గది చీర అంచు, గిది కండువ," అంది ఇంకొకామె.

"ఆ ఎరుపేంది, గీ ఎరుపేంది! గది వేరేటోళ్ల రంగు!"

"అన్నెం పున్నెం ఎరుగని పిలగాన్ని పట్కపోతున్రు!"

మా సారు చేసిన పొరపాటు అప్పుడు తెలిసింది. ఆయనకు ఎరుపంటే ఎరుపే. పుట్టినప్పటి నుంచి నూలులో మునిగిన మనుషుల ముందు బట్ట ముక్కను సాక్ష్యంగా పెట్టి, తప్పు మనిషికి బేడీలు వేస్తే వాళ్లు ఊరుకుంటారా? మైదానమంతా లేచి నిలబడింది. ముక్క కిందికి పంపమన్నారు. ఇన్‌స్పెక్టర్ బెదిరి ఇచ్చేసింది. తెర పక్కన సారు స్క్రిప్టుతో మొహం కప్పుకున్నాడు.

ఆ ముక్క వరసల మీదుగా చేతులు మారుతూ పోయింది. ఒకరు బొటనవేలితో రుద్దారు, ఒకరు తిరగేసి చూశారు, ఒకరు లైటుకు పట్టి పోగులు చూశారు. ప్రతి చేయీ దాన్ని బాపు వైపే జరుపుతోంది. శవాన్ని కాబట్టి లేచి పరిగెత్తలేను. ముందు చాప మీద అవ్వ అప్పటికే కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమెకు అంతా తెలిసిపోయింది. ఆమె భుజాలు ఊగడం చూసి నా చింతగింజ కటుక్కుమంది.

ముక్క మా వాడకట్టు పెద్దతాత చేతికి చేరింది. ఊళ్లో అందరికంటే ముసలి నేతగాడు ఆయనే. కళ్లద్దాలు సవరించుకుని, అంచును వేలి మీద పరుచుకుని చూశాడు.

"అంచు లోపట ఒక్క పసుపు పోగు. గిది పెట్టేటోడు ఈ ఊర్ల ఒక్కడే."

అవును, అది బాపు అలవాటు. ఎర్ర అంచుకు లోపలి పక్కన, ఎవరికీ కనబడనంత సన్నగా, ఒకే ఒక్క పసుపు పోగు. ఎందుకంటే చెప్పేవాడు కాదు. అన్ని తలలూ బాపు వైపు తిరిగాయి.

ఇన్‌స్పెక్టర్ బుర్ర ఆ క్షణంలో పాదరసంలా పనిచేసింది. "ఆయనను స్టేజీ మీదికి తీసుకురండి!"

బాపు సంచీతో సహా వచ్చాడు. లైటులో చెమట తుడుచుకుంటూ, పెళ్లిపందిట్లో ఫోటోకు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"ఈ బట్ట మీరు నేసిందేనా?"

"నేను నేసిందే."

"హత్య జరిగినప్పుడు మీరు ఎక్కడున్నారు?"

"బస్సుల ఉన్న."

జనం విరగబడి నవ్వారు.

"మరి మీ బట్ట సేటు చేతిలోకి ఎట్ల వచ్చింది?"

బాపు కిందికి చూశాడు. నా ఎడమ కన్ను సగం తెరుచుకుని ఉంది. ఇద్దరం చూసుకున్నాం. బాపు సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఇక బాపు నాతో జన్మలో మాట్లాడడేమోనని భయమేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కాటుక మీసం కారడం తెలుస్తోంది. అప్పుడు బాపు మైకు వైపు వంగాడు.

"గది శవాన్నే అడగాలె మేడం."

అంతే. చింతగింజ తుపుక్కున ఎగిరి ఇన్‌స్పెక్టర్ బూటు మీద పడింది. నేను లేచి కూర్చున్నాను. నవ్వో ఏడుపో నాకే తెలియలేదు, రెండూ కలిసి వచ్చాయి. "నేనే కోసిన బాపూ!" అన్నాను.

మైదానంలో ఈలలు, కేకలు. ఆ అరుపులకు మైకు కూడా ఆగిపోయింది. చచ్చినవాడే నేరం ఒప్పుకున్న కేసు ప్రపంచంలో మాదొక్కటే అయుంటుంది. ఎవరో ఫోన్లో తీసిన ఆ వీడియో ఇప్పటికీ మా ఊరి వాట్సాప్ గ్రూపులో వార్షికోత్సవం దగ్గరపడినప్పుడల్లా తిరుగుతుంది.

పెద్దతాత ముక్కను బాపు చేతిలో పెట్టాడు. బాపు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. రెండేళ్లుగా ఊళ్లో అందరూ బాపును దుకాణంల మనిషి అనే పిలుస్తున్నారు. ఆ సాయంత్రం అరచెయ్యంత ముక్కలో ఒక్క పోగు చూసి ఆయన చెయ్యిని గుర్తుపట్టారు. బాపు కోసిన చోటు మీద వేలు పోనిచ్చాడు. ఏదో పెద్ద మాట వస్తుందనుకున్నాను.

"కోస్తే కోసినవ్, జర సక్కగ కోయరాదే? గిట్ల వంకరటింకర కోస్తరా ఎవరన్న?"

"ఆ సగం చీర ఇంకన్న పూర్తి జెయ్‌రా," అన్నాడు పెద్దతాత కింది నుంచి. "పడుగు ఉందా?"

"ఉంది."

"మా ఇంట్ల ఒక మగ్గం ఖాళీగనే ఉంది. సెలవునాడు వచ్చి కూసో."

బాపు దుకాణం మానలేదు. నడుము నొప్పీ పోలేదు. కానీ ఆ ఎండాకాలమంతా సెలవు రోజు పొద్దున పెద్దతాత ఇంటికి పోయి, రెండు గంటలు కూర్చుని, మిగిలిన పడుగు నేశాడు. నేను పక్కన కండెలు అందించేదాన్ని. అది చీరంత కాలేదు, ఓణీ అంత అయింది. చివర జానెడు మిగిలినప్పుడు బాపు పక్కకు జరిగాడు.

"నువ్వు నెయ్. కోసుడేనా వచ్చేది?"

నేశాను. పోగులు వదులయ్యాయి, చిలక ముక్కు పక్కకు పోయింది. పూర్తయ్యాక బాపు దాన్ని పెద్దతాత ఒళ్లో పరిచాడు. ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, బొటనవేలితో ఆ కొస నుంచి ఈ కొస దాకా తడుముతూ వచ్చాడు. జానెడు మిగిలిందనగా వేలు ఆగింది.

"ఈడి దాక బాపుది," అన్నాడు. "ఈడికెల్లి బిడ్డది."

నాకు నవ్వొచ్చింది. నోట్లో చింతగింజ లేదు, ఆపుకోలేదు. మొదట అవ్వ అందుకుంది, తర్వాత పెద్దతాత, ఆఖరున నడుము పట్టుకుని బాపు.